కెర్నెల్ సోర్స్ మా దగ్గర లేకుండా పరికరం అమ్మొచ్చా?

మేం అమ్మబోయే చిన్న పరికరంలో లినక్స్ 5.10 కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని మూల భాగం), బిజీబాక్స్ (లినక్స్ కమాండ్లను ఒకేచోట చేర్చిన చిన్న ప్రోగ్రామ్) ఉన్నాయి. రెండూ జీపీఎల్ వెర్షన్ 2 కిందివే, అంటే ప్రోగ్రామ్‌ను పంచేవాళ్లు దాని సోర్స్ కోడ్ కూడా అందించాలనే లైసెన్స్. బిజీబాక్స్‌తో ఇబ్బంది లేదు, బిల్డ్‌రూట్‌లో (పరికరానికి లినక్స్ సిస్టమ్ తయారుచేసే టూల్) ‘మేక్ లీగల్-ఇన్ఫో’ కమాండ్ నడిపితే సోర్స్, లైసెన్స్ పాఠం రెండూ వచ్చేశాయి. టెన్షన్ అంతా కెర్నెల్‌తోనే. బోర్డు సరఫరాదారు సొంత డ్రైవర్లు కలిపి కంపైల్ చేసిన ఇమేజ్ మాత్రమే ఇచ్చారు. సోర్స్ అడిగితే కెర్నెల్.ఆర్గ్ (అసలు లినక్స్ కెర్నెల్ ఉండే సైట్) లింక్ పంపారు, అందులో ఆ మార్పులు లేవు. ఆ వెర్షన్‌ను మేమే కంపైల్ చేసి చూశాం, డిస్‌ప్లే రాలేదు.

లైసెన్స్ 3వ సెక్షన్ చదివాను. సోర్స్ ఇస్తామని వేరేవాళ్లిచ్చిన ఆఫర్‌ను అలాగే ముందుకు పంపే వెసులుబాటు (3సి) వ్యాపారేతర పంపిణీకే. అమ్మేవాళ్లు సోర్స్ జతచేయాలి, లేదా కనీసం మూడేళ్లు చెల్లే రాతపూర్వక ఆఫర్ ఇవ్వాలి. లేని సోర్స్‌కి ఆఫర్ ఎలా రాస్తాం?

ఇలాంటి పరిస్థితిలో సరఫరాదారు నుంచి మార్చిన కెర్నెల్ సోర్స్ రాబట్టినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ పద్ధతిలో అడిగారు?