హైపీరియన్ ఉద్దేశం మంచిదే. మరి అధికారం అతన్ని ఎక్కడ చెరిచింది?

స్వర్ణముఖి (తిరుపతి):

మార్క్ గ్రూన్‌వాల్డ్ రచించగా 1985-86లో మార్వెల్ సంస్థ 12 సంచికలుగా వెలువరించిన ‘స్క్వాడ్రన్ సుప్రీమ్’ కామిక్‌ను ఇక్కడ తిరుపతిలో కొందరు మిత్రులం కలిసి చదివాము. అతలాకుతలమైన లోకాన్ని చక్కదిద్దడం తమ బాధ్యత అని భావించిన ‘స్క్వాడ్రన్ సుప్రీమ్’ అనే అతీతశక్తుల వీరుల జట్టు నాయకుడు హైపీరియన్, అతని తోటి వీరులు ఏడాదిలోగా నేరాన్నీ, పేదరికాన్నీ, యుద్ధాన్నీ రూపుమాపుతామని ప్రజలకు మాట ఇచ్చి దేశం పగ్గాలు చేపడతారు. వారిని నడిపించింది ధనాశ కాదు, కీర్తి కాంక్ష కూడా కాదు. అయినా కథ సగానికి వచ్చేసరికి మనుషుల బుద్ధిని యంత్రంతో మార్చివేయడం వారికి మామూలు పరిపాలనలాగా కనిపిస్తుంది. ఉద్దేశం చివరివరకూ మంచిదిగానే ఉన్నప్పుడు అధికారం మనిషిని చెరిచిందని ఎలా అనగలము? చెడినది పద్ధతి మాత్రమేనా? మా మిత్రుల మధ్య ఏకాభిప్రాయం కుదరలేదు కనుక ఇక్కడ అడుగుతున్నాను.

చిత్తూరు చదువరి:

స్వర్ణముఖి గారూ, ఈ ప్రశ్నకు సమాధానం హైపీరియన్‌లో కంటే అదే జట్టులోని గోల్డెన్ ఆర్చర్‌లో స్పష్టంగా దొరుకుతుందని నా అభిప్రాయం. తనతో పెళ్లికి జట్టులోని లేడీ లార్క్ ఒప్పుకోకపోవడంతో, నేరస్థులను సంస్కరించడానికి మరో సభ్యుడు టామ్ థంబ్ తయారుచేసిన ఆ యంత్రాన్నే అతడు ఆమె మీద ప్రయోగించి, ఆమె తనను ప్రేమించేటట్లు చేసుకున్నాడు. సంగతి బయటపడ్డాక తోటివారు అతన్ని జట్టు నుంచి వెలివేశారు. అంటే అది ఘోరమైన తప్పని వారికి తెలుసు. కానీ తమతో పోరాడి ఓడిన దుష్టులను అదే యంత్రంలో కూర్చోబెట్టి, వారి మనసు మార్చి, తమ జట్టులోనే చేర్చుకున్నప్పుడు వారిలో ఎక్కువమందికి అది బలాత్కారంగా తోచలేదు. తమ మనిషికి జరిగితే అన్యాయం, పరాయివాడికి జరిగితే సంస్కరణ! నా దృష్టిలో చెడినది పద్ధతి ఒక్కటే కాదు, తప్పును తప్పుగా గుర్తించే చూపు కూడా చెడింది.

చంద్రగిరి పాఠకురాలు:

ఇది చదువుతుంటే నాకు ఉద్యోగపర్వంలో శల్యుడు ధర్మరాజుకు చెప్పిన నహుషుని కథ గుర్తుకు వచ్చింది. నహుషుడు ఇంద్రపదవిని కోరుకోలేదు. వృత్రాసురుణ్ణి చంపిన పాపానికి భయపడి ఇంద్రుడు దాగినప్పుడు దేవతలూ ఋషులూ వచ్చి అడిగితే, తాను దుర్బలుడనని చెప్పి వెనుకాడాడు. అప్పుడు వారే అతనికి, కంటబడిన ప్రతివారి తేజస్సూ అతనికి సంక్రమించేటట్లు వరమిచ్చారు. అసలు ప్రమాదం ఆ వరంలోనే ఉందని నేను అనుకుంటాను, ఎందుకంటే ఎదుట నిలబడి కాదనగల శక్తి ఆ క్షణం నుంచి ఎవరికీ మిగలలేదు. శచీదేవిని కోరడం, ఋషులతో పల్లకి మోయించుకోవడం ఆ తరువాతి సంగతులు. అనుశాసనపర్వంలోని కథ ప్రకారం భృగుమహర్షి నహుషుని కంటబడకుండా అగస్త్యుని జటలలో దాగి ఉండి శపించగలిగాడు. (మా పక్కనే తొండవాడలో, స్వర్ణముఖి నది ఒడ్డున అగస్త్యేశ్వరుని గుడి ఉంది, అక్కడికి వెళ్లినప్పుడల్లా ఈ కథ నా మనసులో మెదులుతుంది.) స్క్వాడ్రన్‌లో ఆ స్థానం నైట్‌హాక్‌ది. అతడు జట్టు విడిచి బయటికి వెళ్లాడు కనుకనే ఎదిరించగలిగాడు.

చిత్తూరు చదువరి:

అమ్మా, నహుషుని పోలిక నాకు చాలా నచ్చింది, కానీ నైట్‌హాక్‌ను భృగువుతో సమానం చేయడానికి మనసు ఒప్పడం లేదు. మొదటి సంచికలోనే అతడు హైపీరియన్‌ను చంపగల ఆర్గోనైట్ తూటాతో వచ్చి, స్నేహితుణ్ణి కాల్చలేక ఆగిపోయాడు. అక్కడ అతని మీద నాకు గౌరవం కలిగింది. తరువాత ఆ స్నేహితులనే ఓడించడానికి మాస్టర్ మెనెస్ వంటి దుర్మార్గుని సాయం కోరి, తన మనుషులను రహస్యంగా జట్టులోకి పంపాడు. బయట ఉన్నవాడిని కూడా గెలవాలనే పట్టుదల ఎంత దూరం తీసుకుపోయిందో చూడండి.

స్వర్ణముఖి (తిరుపతి):

మీ ఇద్దరి మాటలతో నా ప్రశ్న మారింది. చివరి పోరాటంలో నైట్‌హాక్ ప్రాణాలు పోయిన తరువాతే హైపీరియన్ అతని వాదన సరైనదని ఒప్పుకుంటాడు. ఈ వీరులు మంచివారే కావచ్చు, కానీ వారు కట్టిన వ్యవస్థ రేపు ఎవరి చేతికి చిక్కుతుందో తెలియదన్నదే ఆ వాదన. నైట్‌హాక్ మొదటిరోజే ఈ మాట అందరి ముందూ చెప్పాడు, వాళ్లు విన్నారు, ఓటు వేసి తోసిపుచ్చారు. అందువల్ల హైపీరియన్ ఉద్దేశం కన్నా, ఆ రోజు ఓటు వేసిన మిగతావారి ఉద్దేశాలను ఇప్పుడు ఒక్కొక్కటిగా పరిశీలించాలని ఉంది. వారిలో పవర్ ప్రిన్సెస్ గురించి మీరేమంటారు?