ద్రవస్ఫటిక ఫిల్మ్‌లో బ్రౌనియన్ కదలిక: గాలిని లెక్కేయాలా, వదిలేయాలా?

బ్రాడీపేట_భౌతికం: 8సీబీ అనే ద్రవస్ఫటికంతో గాలిలో సాగదీసిన రెండు పొరల స్మెక్టిక్ (అణువులు పొరలుగా పేర్చుకునే దశ) ఫిల్మ్. ఒక్కో పొర సుమారు 3.2 నానోమీటర్లు. అందులో మందమైన గుండ్రటి ద్వీపాలు అటూఇటూ తచ్చాడుతుంటాయి, అదే బ్రౌనియన్ కదలిక. ద్వీపం వ్యాసార్థం రెట్టింపైతే డిఫ్యూజన్ (ఆ తచ్చాటలో వ్యాపించే రేటు) సగం కావాలి, అంతే: స్టోక్స్-ఐన్‌స్టీన్ సూత్రం. గాలి స్నిగ్ధత (జిగట) ఈ ద్రవం స్నిగ్ధతలో 2,800వ వంతు. దానికింత హడావుడి దేనికి?

కృష్ణలంక_కిరణం: ఆ సూత్రం చుట్టూ ద్రవమున్న గోళానికండీ. పల్చటి ఫిల్మ్‌లో గాలిని తీసేస్తే ఈడ్పు (కదలికకు ఎదురయ్యే నిరోధం) లెక్కే తేలదు. శాఫ్‌మన్, డెల్‌బ్రూక్ 1975లో కణత్వచాలకు ఈ చిక్కే విప్పారు. ద్రవ స్నిగ్ధతను ఫిల్మ్ మందంతో గుణించి, గాలి స్నిగ్ధతకు రెట్టింపుతో భాగించండి: 9 మైక్రాన్లు వస్తుంది. ద్వీపం అంతకన్నా బాగా చిన్నదైతే సైజు ప్రభావం లాగరిథమే, అంటే చాలా నెమ్మది. వ్యాసార్థం 1 మైక్రానైతే డిఫ్యూజన్ సెకనుకు సుమారు 2.4 చదరపు మైక్రాన్లు, 2 అయితే 1.8. సగమెక్కడ?

బ్రాడీపేట_భౌతికం: 100 నుంచి 200 మైక్రాన్లకు వెళ్తే సగమే అవుతోందిగా!

కృష్ణలంక_కిరణం: అవుతుంది, 0.14 నుంచి 0.07. కానీ అక్కడ ఫిల్మ్ మందం సూత్రంలోనే ఉండదు, ఈడ్పంతా గాలిదే. మీరు వదిలేద్దామన్నది దాన్నే!

పటమట_పొర: సూత్రం సరే, కొలతల్లోనే కొంపలు మునిగేది. సీలింగ్ ఫ్యాన్ ఆపి, ఫిల్మ్‌ను మూతపెట్టిన పెట్టెలో ఉంచాలి. మూత మరీ దగ్గరైతే గాలి ఈడ్పు పెరుగుతుంది, కొన్ని మిల్లీమీటర్ల ఎడం చాలు. ఫిల్మ్ వాలుగా ఉంటే మందం ద్వీపాలు పల్లానికి జారతాయి, కాలంతో పాటు గీసిన స్థానభ్రంశ వర్గాల సగటు గీత పైకి వంగితే అదే గుర్తు. ఇక బెజవాడ మే నెలలో గది 33.5 డిగ్రీలు దాటిందా, 8సీబీ నెమాటిక్ (పొరలు లేని దశ) అయిపోయి ఫిల్మ్ టప్పున పగులుతుంది. 24 దగ్గర నిలపండి. పొరలు లెక్కించడానికి ప్రతిఫలించే వెలుగు చూడండి: 2 పొరలకన్నా 4 పొరలు నాలుగింతలు మెరుస్తాయి.

బ్రాడీపేట_భౌతికం: జారుడుకు విరుగుడుంది. రెండు ద్వీపాల స్థానాల తేడా తీసుకుంటే పోతుంది.

పటమట_పొర: జారుడుతో పాటు నిజమైన కదలికా పోతుంది మాస్టారూ. దగ్గరున్నవి ఒకదాన్నొకటి లాక్కుపోతాయి, డిఫ్యూజన్ తక్కువగా తేలుతుంది. చిన్న ద్వీపాలైనా, మధ్య దూరం ఆ 9 మైక్రాన్లకు పదింతలన్నా ఉండాలి.

బ్రాడీపేట_భౌతికం: గాలి సంగతి ఒప్పుకుంటున్నా. తేడా పద్ధతి మాత్రం వదలను, దూరంగా ఉన్న జంటలే ఏరుకుంటా.