అమెరికా, చైనా రాజీ పడితే ఆదోని పత్తి ధర మారుతుందా?

పెద్దతుంబళం రైతు (ప్రశ్న, నవంబరు 2025)

సభ్యులందరికీ నమస్కారం. మాది కర్నూలు జిల్లా ఆదోని మండలం. మా నల్లరేగడి నేలలో ఏటా పత్తి వేస్తాము. ఈసారి కాయ పగిలే వేళకు వానలు పట్టుకోవడంతో మొదటి తీతలో వచ్చిన పత్తి కొంత రంగు మారింది. తరువాత తీసినది మాత్రం తెల్లగా, బాగానే ఉంది. ఆ బాగున్న పత్తిని యార్డుకు తోలినా వ్యాపారులు వేస్తున్న ధర మద్దతు ధరకు దిగువనే ఆగిపోతోంది. ఈ 2025-26 సీజనులో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు, మధ్యరకం పింజకు 7,710 రూపాయలు అన్న సంగతి మీకు తెలిసిందే.

అక్టోబరు 30న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ట్రంప్, షీ జిన్‌పింగ్ కలుసుకుని సుంకాలు తగ్గించుకోవడానికీ, చైనా మళ్లీ అమెరికా పంటలు కొనడానికీ ఒప్పుకున్నారని పత్రికల్లో చదివాను. యార్డులో ఒక మండీ వ్యాపారి, "చైనా కొనుగోళ్లు మొదలైతే ప్రపంచమంతటా పత్తి ధర లేస్తుంది, సంక్రాంతి దాకా సరుకు ఆపుకో" అంటున్నారు. ఇంకొకరు, "ఆ ఇద్దరూ ఒకటైతే మన సరుకు అడిగే దిక్కుండదు, ఇప్పుడే అమ్ముకో" అంటున్నారు. ఈ రెండింటిలో దేనికి ఆధారం ఉంది? అసలు ఈ రెండు దేశాలు నిజంగానే దగ్గరవుతున్నాయా, లేక ఇది మూణ్ణాళ్ల ముచ్చటేనా? ఇంట్లో ఉన్న పత్తిని ఏం చేయాలో తేల్చుకోవాలి కనుక తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

అనంతపురం విశ్రాంత అధ్యాపకుడు

బాబూ, రాజనీతి శాస్త్రం చెప్పినవాణ్ణి కనుక మీ రెండో ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పగలను. పత్తి సంగతి ఆదోనివారే చెప్పాలి.

ఈ రెండు దేశాలను ఎప్పుడు కలిపినా అవసరమే కలిపింది. 1971 జులైలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సలహాదారు కిసింజర్ పాకిస్తాన్ మీదుగా రహస్యంగా పెకింగ్ (బీజింగ్) వెళ్లడానికీ, మరుసటి ఫిబ్రవరిలో నిక్సన్ స్వయంగా వెళ్లి మావోను కలవడానికీ వెనుక ఉన్నది సోవియట్ యూనియన్ పట్ల ఇద్దరికీ ఉన్న అనుమానం. 1969లోనే సరిహద్దులోని ఉస్సూరి నది దగ్గర చైనా, సోవియట్ సైనికులు కాల్పులు జరుపుకుని ఉన్నారు. తైవాన్ విషయంలో ఎవరి మాట వారు రాసుకుని, తగువును అలాగే ఉంచి, మిగిలిన విషయాల్లో ముందుకు నడిచారు. పూర్తి దౌత్య సంబంధాలు 1979 జనవరి 1న ఏర్పడే నాటికి రెండు దేశాల మధ్య ఏడాది వ్యాపారం 250 కోట్ల డాలర్లకు లోపే. 2001 డిసెంబరులో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక ఆ వ్యాపారం ఎంతగా పెరిగిందంటే, 2024లో సరుకుల రాకపోకల విలువ 58,000 కోట్ల డాలర్లు దాటింది. అందులో అమెరికా కొన్నది దాదాపు 43,900 కోట్లు, అమ్మింది 14,300 కోట్లే. ఈ తేడాయే 2018లో మొదలైన సుంకాల పోరుకు మూలం.

ఆ పోరు మధ్యలో ఇంతకు ముందొక రాజీ జరిగింది. 2020 జనవరి 15న కుదిరిన 'మొదటి దశ ఒప్పందం' ప్రకారం చైనా 2017లో కొన్నదానికి అదనంగా రెండేళ్లలో 20,000 కోట్ల డాలర్ల అమెరికా సరుకులూ సేవలూ కొనాలి. ఆ అదనం చేరనే లేదు. ఒప్పుకున్న మొత్తం కొనుగోళ్లలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే జరిగాయి. కోవిడ్ ఒక కారణమే కానీ అదొక్కటే కారణమని నేను అనుకోను. కొనుగోళ్ల అంకెలు ముందుగా రాసుకున్న ఒప్పందాలు ఆచరణలో ఎంతవరకు నిలుస్తాయో చూడదలిచినవారికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇక ఈ సంవత్సరం, అంటే 2025. ఏప్రిల్‌లో అమెరికా సుంకం 145 శాతానికీ, చైనా సుంకం 125 శాతానికీ చేరాయి. అంటే వ్యాపారం దాదాపు ఆగిపోయినట్లే. మే నెలలో జెనీవాలో ఇద్దరూ తగ్గారు. అక్టోబరులో చైనా అరుదైన ఖనిజాల ఎగుమతి మీద ఆంక్షలు బిగించింది. ఆ ఖనిజాలను శుద్ధిచేసే పనిలో ప్రపంచం మొత్తంలో సుమారు 90 శాతం చైనా చేతిలో ఉంది కనుక, కార్లకూ క్షిపణులకూ కావలసిన అయస్కాంతాలు దొరకవన్న ఆందోళన అమెరికాను మళ్లీ కూర్చోబెట్టింది. బుసాన్‌లో చైనా ఆ ఆంక్షలను ఏడాదిపాటు ఆపింది. అమెరికా ఫెంటానిల్ అనే మత్తుమందు పేరుతో వేసిన 20 శాతం సుంకాన్ని పదికి తగ్గించింది. ఒకరి ఓడల మీద ఒకరు వేసిన ఓడరేవు రుసుములను ఇద్దరూ ఏడాదిపాటు పక్కన పెట్టారు. ఇందులో ముఖ్యమైన నిబంధనలు చాలావరకు ఏడాది గడువుతో నిలిపివేసినవే కానీ రద్దు చేసినవి కావు. ట్రంప్ వచ్చే ఏప్రిల్‌లో బీజింగ్ వెళ్తానన్నారు. ఇద్దరు పెద్దలు మాట్లాడుకోవడం మాట్లాడుకోకపోవడం కంటే ఎన్నో రెట్లు మేలని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అయినా దీన్ని స్నేహం అనలేను, గడువు పెట్టుకున్న సంధి అంటాను.

సోయా గురించి ఒక్క మాట. ఈ ఏడాది చివరికి 1.2 కోట్ల టన్నులు, తరువాత మూడేళ్లు ఏటా 2.5 కోట్ల టన్నులు చైనా కొంటుందని అమెరికా ప్రకటించింది. వినడానికి పెద్ద అంకెలే. కానీ చైనా 2024లో అన్ని దేశాల నుంచీ కలిపి దిగుమతి చేసుకున్నది సుమారు 10.5 కోట్ల టన్నులు, అందులో అమెరికా వాటా 2.2 కోట్ల టన్నుల దగ్గర ఉంది. కనుక ఇది తెగిన పాత గిరాకీని తిరిగి కలపడమే తప్ప కొత్త గిరాకీ కాదు.

జిన్నింగ్ మిల్లు గుమస్తా, ఆదోని

అన్నా, సార్ చెప్పిన చివరి మాట దగ్గరే నేను అందుకుంటాను. బుసాన్ ప్రకటనల్లో సోయాకు అంకె ఉంది, పత్తికి లేదు. మార్చిలో అమెరికా పత్తి మీద వేసిన 15 శాతం అదనపు సుంకాన్ని చైనా ఈ నవంబరు 10 నుంచి ఆపింది, అంతే.

మన వ్యాపారులకు 2011 ఇంకా కళ్లలో మెదులుతోంది. ఆ మార్చిలో న్యూయార్క్‌లో పౌను దూది రెండు డాలర్లు దాటింది. ఆ తరువాత చైనా ప్రభుత్వం గోదాముల కోసం ఎడాపెడా కొంటున్న రోజుల్లో మన బేళ్లు (దూది మూటలు) ఎక్కువగా అటే పోయేవి. 2012 మార్చిలో ఢిల్లీ ఎగుమతులు నిషేధించి, రైతులు గొడవపడితే కొన్ని రోజులకే ఆ నిషేధం ఎత్తేసింది. 2014లో చైనా ఆ నిల్వల కొనుగోలు విధానం మార్చుకోగానే ధర కూలింది. చైనా కొంటే ధర లేస్తుందన్న మాట అప్పటికి నిజం. ఇప్పుడు పరిస్థితి వేరు. చైనా పత్తిలో 90 శాతానికి పైగా ఆ దేశపు పశ్చిమ ప్రాంతమైన షిన్‌జియాంగ్‌లోనే పండుతోంది, పంట కూడా బాగా వస్తోంది. అందుకే 2023-24లో 30 లక్షల టన్నులు దాటిన చైనా పత్తి దిగుమతి 2024-25లో సుమారు 11 లక్షల టన్నులకు పడిపోయింది. సుంకం ఒక్కటే కారణమైతే బ్రెజిల్ నుంచి ఆ లోటు పూడ్చుకునేవారు. వారికి అంత అవసరమే లేకపోయింది. న్యూయార్క్ ధర ఈ సీజనులో పౌనుకు 65 సెంట్ల దగ్గర కదలకుండా ఉండటానికి ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. యార్డులో కొనేవాడు మీ లాటు దగ్గరకు వచ్చి పైన ఉన్న పత్తి ముట్టుకోడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి లోపలి నుంచి పిడికెడు తీస్తాడు. బొటనవేళ్ల మధ్య పింజను మెల్లగా లాగి పోగు పొడవు చూస్తాడు. ఆ తరువాత ఒక గింజ పళ్ల కింద పెట్టి కొరుకుతాడు. కటుక్కుమంటే ఎండిన సరుకు, మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టు. అతను వేసే ధరలో ఆ గింజకూ వాటా ఉంది. క్వింటా పత్తి ఆడిస్తే దూది సుమారు 34 కిలోలు, గింజ 60 కిలోలకు పైనే వస్తుంది. గింజ నూనె మిల్లుకు పోతుంది. నూనె తీయగా మిగిలిన చెక్క పశువుల దాణాకు పోతుంది. నూనె, చెక్క ధరలు సోయా నూనె, సోయా పిండి ధరలను చూసి నడుస్తాయి. కనుక అమెరికా, చైనా సోయా బేరం మనకు తగిలేది ఏదైనా ఉంటే పింజ వైపు నుంచి కాదు, గింజ వైపు నుంచి. అది కూడా స్వల్పమే. అమెరికా సోయా మళ్లీ చైనాకు పోతే అక్కడ బ్రెజిల్ సోయాకు గిరాకీ కొంత తగ్గుతుంది. ఓడలు దారి మార్చుకుంటాయి కానీ చైనా కోళ్లూ పందులూ తినే దాణా పెరగదు కదా. ఇందుకోసం సంక్రాంతి దాకా ఆగమని నేను చెప్పలేను.

ఊరు ప్రొద్దుటూరు, ఉద్యోగం తిరుప్పూరు

నేను అల్లిక దుస్తుల ఎగుమతి కంపెనీలో పత్రాల పని చూస్తాను. పైవారు చెప్పినవాటితో నాకు పేచీ లేదు కానీ, రైతు సోదరుడు చూడవలసిన చోటు బుసాన్ కాదన్నది నా మాట.

2025 ఆగస్టు 27 నుంచి మన దేశపు దుస్తుల మీద అమెరికా 50 శాతం అదనపు సుంకం వసూలు చేస్తోంది. అందులో సగం మనం రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో వేసినది. బుసాన్ తరువాత చైనా సరుకుల మీద మొత్తం సుంకం 47 శాతానికి దిగుతుందని ట్రంపే విలేఖరులతో చెప్పారు. ఏప్రిల్‌లో చైనా మీద 145 శాతం ఉన్నప్పుడు, ఆర్డర్లన్నీ మనవైపు వస్తాయని ఇక్కడ కొత్త మిషన్లు బిగించుకున్నవారు ఉన్నారు. ఆరు నెలలు తిరగకుండానే చైనా మనకంటే తక్కువ సుంకంలో నిలిచింది. రెండు పెద్ద దేశాలు దగ్గరైనప్పుడు మూడోవారికి కలిగే నష్టం ఇలాగే వస్తుంది, మన పేరు ఎత్తకుండానే. ఆర్డరు తగ్గితే నూలు అడగరు, నూలు అడగకపోతే ఆదోని బేలు కదలదు.

చైనాకు ఇక్కడ ఒక చిక్కు ఉంది, అది మనకు కొంత అండ. షిన్‌జియాంగ్ పత్తితో చేసిన ఏ దుస్తులనైనా నిర్బంధ శ్రమతో చేసినవిగానే భావించి ఆపే చట్టం 2022 జూన్ 21 నుంచి అమెరికాలో అమలులో ఉంది. సుంకాలు తగ్గించుకున్నా ఆ చట్టం చెక్కుచెదరలేదు. ప్రతి కన్‌సైన్‌మెంటుతో పాటు పత్తి ఎక్కడిదో బేలు నంబరు దాకా చూపమని మా కొనుగోలుదారులు అడుగుతున్నది అందుకే. మన పత్తికి ఆ చట్టం అడ్డు లేదు. కల్తీ లేకుండా, సంచి పీచులు, వెంట్రుకలు కలవకుండా ఇస్తే దాని ఫలితం ధరలోనూ కనిపిస్తుందని నా ఆశ.

అసలు దెబ్బ వేరే చోట పడింది. అమెరికా సుంకంతో కుదేలైన మిల్లులకు ఊరట కోసమని కేంద్రం ఆగస్టు 19న దిగుమతి పత్తి మీద ఉన్న 11 శాతం సుంకం ఎత్తేసింది. మొదట సెప్టెంబరు 30 వరకే అన్నారు, తరువాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. మిల్లుల కష్టం నేను రోజూ చూస్తున్నాను కనుక ఆ నిర్ణయం తప్పని చెప్పను. కానీ మన రైతు పత్తి యార్డుకు వచ్చే నెలల్లోనే బ్రెజిల్, అమెరికా, ఆస్ట్రేలియా పత్తి సుంకం లేకుండా రేవుల్లో దిగుతుంటే, మిల్లు యజమాని స్థానిక సరుకుకు ఎందుకు ఎగబడతాడు? అమెరికా వేసిన సుంకం భారాన్ని చివరికి పెద్దతుంబళం రైతు మోయవలసి రావడం నాకు చాలా బాధగా ఉంది. గమనించవలసిన తేదీ డిసెంబరు 31. గమనించవలసిన చర్చలు ఢిల్లీకీ వాషింగ్టన్‌కూ మధ్య జరుగుతున్న వాణిజ్య చర్చలు.

పెద్దతుంబళం రైతు

ముగ్గురికీ కృతజ్ఞతలు. అధ్యాపకులవారి జవాబు మా నాన్నకు చదివి వినిపించాను. ఒక్క సందేహం మిగిలింది. సుంకం డిసెంబరు 31తో తిరిగి వస్తుందన్న ఆశతో జనవరి దాకా ఆగడం మంచిదా? రంగు మారిన పత్తి కూడా కొంత ఉందని చెప్పాను కదా.

జిన్నింగ్ మిల్లు గుమస్తా, ఆదోని

అన్నా, సుంకం తిరిగి వస్తుందో రాదో ఎవరూ హామీ ఇవ్వలేరు. వచ్చినా, గడువులోగా దించుకున్న విదేశీ బేళ్లు మిల్లుల గోదాముల్లో కొన్నాళ్లు ఉంటాయి కనుక జనవరి ఒకటిన ధర ఎగిరిపోదు. పైగా ఇంట్లో పెట్టిన పత్తి ఆరేకొద్దీ తూకం పోతుంది; నిప్పు భయం, ఎలుకల బెడద ఉండనే ఉన్నాయి.

మీ తెల్ల పత్తికి వ్యాపారి కంటే కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు కేంద్రమే మేలు. తేమ 8 శాతంలోపు ఉంటే పూర్తి మద్దతు ధర ఇస్తారు, 12 శాతం దాకా ఉంటే కోత వేసి కొంటారు, ఆపైన ఉంటే తిప్పి పంపుతారు. ఈ ఏడాది కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు చేసుకుని స్లాటు తీసుకుంటేనే కేంద్రంలో కొంటారు. ముందు మీ రైతు సేవా కేంద్రంలో ఈ-పంట నమోదులో పత్తి విస్తీర్ణం సరిగా ఎక్కిందో లేదో చూసుకోండి. చాలామంది బండ్లు వెనక్కి వస్తున్నది అక్కడి తేడా వల్లే. స్లాటుకు ముందు రెండు మూడు రోజులు ఎండలో పల్చగా ఆరబోయండి, సాయంత్రం మంచు పడకముందే ఎత్తేయండి. రంగు మారిన పత్తిని మాత్రం దీనితో కలపవద్దు. కలిపితే మొత్తం లాటు ధర దిగిపోతుంది. దాన్ని విడిగా యార్డులో ఇప్పుడే అమ్మేయండి, అది ఆగేకొద్దీ ఇంకా నల్లబడుతుంది.