బైలా అంటే ‘ఉప’ చట్టమా, ఊరి చట్టమా?

కర్నూలు పాతబస్తీ:
మా సహకార సంఘం బైలాను, అంటే సంఘం నడిచే నియమాలను, తెలుగులో అచ్చు వేయిస్తున్నాం. ముసాయిదాలో ‘ఉపవిధులు’ అని రాశారు. ఇంగ్లీషులో ‘బై’ అంటే పక్కన కదా, అసలు చట్టానికి పక్కన ఉండేదే బైలా అంటున్నారు. నిజమేనా?

కడప వకీలు:
నిజమే. సంఘం బైలా 1964 సహకార సంఘాల చట్టానికి లోబడి ఉండాల. దాన్ని కాదని ఏం రాసుకున్నా చెల్లదు. అందుకే ‘ఉప’.

అనంతపురం తెలుగు మాస్టారు:
వకీలు సార్, లోబడాలన్నది సరే. మాట పుట్టుక మాత్రం అది కాదు. 9వ శతాబ్దంలో డెన్మార్కు, నార్వేల నుంచి వచ్చిన వైకింగులు ఇంగ్లండు ఉత్తర, తూర్పు దిక్కుల్లో స్థిరపడ్డారు. వాళ్ల నార్సు భాషలో ‘బీ’ అంటే ఊరు. డర్బీ, విట్బీ, గ్రిమ్స్‌బీ పేర్ల చివర ఉండేది అదే, మన ఊళ్ల పేర్ల చివర పల్లె, పాడు ఉన్నట్టు. ‘లా’ కూడా వాళ్లిచ్చిన మాటే. అంటే ఊరోళ్లు కూర్చుని చేసుకున్న కట్టు. స్కాట్లాండులో ఇదే మాట మారి ‘బర్లా’ అయింది, ఆ పేరుతో కోర్టులుండేవి. ఇరుగుపొరుగు ఎన్నుకున్న పెద్దలు తగాదాలు తీర్చేవాళ్లు, పశువులు మేసిన పంటకు నష్టం ఎంతో లెక్కగట్టేవాళ్లు. మన చెరువుల కింద నీరుగంటి ఏ మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో ఊరి కట్టుబాటు చెప్పేది. రెండూ ఒకే జాతివి. రాన్రానూ ఆ ‘బీ’ ఇంగ్లీషోళ్లకే మరుగై, తెలిసిన ‘బై’ అనుకున్నారు. వాళ్ల మరుపును మనం ‘ఉప’ అని అనువదించుకోవడం నాకు బాధగా ఉంది.

కడప వకీలు:
పుట్టుక ఒప్పుకుంటా. కానీ ‘ఊరి చట్టం’ మున్సిపాలిటీకి నప్పుతుంది, పది పల్లెల పాల సంఘానికి ఎట్ల నప్పుతుంది? మాటకు ఇప్పటి అర్థమే అర్థం.

ఆదోని రైతు:
‘కట్టడలు’ అనండప్పా. తెలుగు బైబిల్లో ఆ మాటే ఉండాది, మా అమ్మకు కూడా తెలుసు. ‘ఉప’ అంటే చిల్లర విషయమని మావోళ్లు చదవకుండానే సంతకం పెడ్తారు. ఓటు హక్కు, వాటా, లాభం పంపకం అన్నీ దాంట్లోనే కదా!

అనంతపురం తెలుగు మాస్టారు:
మంచి మాట. అయితే ఇప్పటి పిల్లలు కట్టడమంటే బిల్డింగే అనుకుంటారు. ‘కట్టుబాట్లు’ అయితే ఆ తిప్పలు లేదు.

కడప వకీలు:
కట్టుబాట్లంటే కుల పంచాయితీ, వెలివేత గుర్తొస్తాయి సార్. అట్లాంటి కేసులు చూసినోణ్ణి, ఆ మాట నేను రాయలేను.

కర్నూలు పాతబస్తీ:
అది నాకు తట్టలేదు. ‘సంఘం కట్టడలు’ అని పెట్టి, కిందనే 1964 చట్టానికి లోబడి అని రాస్తా. ఆదివారం సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తాం.