ఆస్కార్ విజేతలను ఊహించే పోటీ: మీరు మార్కులు ఎలా వేస్తున్నారు?

షీటుమాస్టర్:
నామినేషన్లు రాగానే మా ఫ్రెండ్సూ కజిన్సూ కలిపి ఓ ఇరవై మందిమి, ఏ అవార్డు ఎవరికొస్తుందో రాసి పోటీ పెట్టుకుంటాం. ఆరేళ్లుగా షీటు చూసేది నేనే. విభాగానికి ఒక మార్కు, అంతే. గిల్డ్ అవార్డులు (నటులు, దర్శకులు, నిర్మాతల సంఘాలు ఆస్కార్‌కి ముందు ఇచ్చేవి) అయిపోయాక, వాటిని చూసి రాస్తారు కాబట్టి అందరి షీట్లూ ఒకేలా తయారవుతున్నాయి. పోయినసారి మొదటి ఆరుగురి మధ్య తేడా రెండు మార్కులు, అదీ షార్ట్ ఫిల్మ్స్‌లో ఎవరో గుడ్డిగా రాస్తే తగిలినవి. సినిమాలన్నీ ఓపిగ్గా కూర్చుని చూసిన మా చెల్లెలు నాలుగో స్థానంలో ఆగిపోయింది. తను ఏమీ అనలేదు గానీ నాకే మనసొప్పలేదు. మీరెలా చేస్తున్నారు? గడువు ఎప్పుడు పెడుతున్నారు?

రెండోరీలు:
మేం నమ్మకం మార్కులకి మారిపోయాం. 24 విభాగాలుంటే 24 నుంచి 1 దాకా అంకెలు, ఒక్కోటి ఒక్కసారే వాడాలి. గట్టి నమ్మకం ఉన్నదానికి 24, ఏమీ తెలియనిదానికి 1, మొత్తం 300. పేర్లు ఒకటే రాసినా మార్కులు వేరుగా వస్తాయి. 2021లో ఉత్తమ నటుడు చాడ్విక్ బోస్‌మనే అని మావాళ్లు దాదాపు అందరూ పెద్ద అంకె పెట్టేశారు, చూస్తే ఆంథనీ హాప్కిన్స్‌కి వచ్చింది. పైగా ఆ ఏడాది ఉత్తమ చిత్రం ముందే ఇచ్చేసి ఆ అవార్డుని చివర్న పెట్టారు. అప్పటిదాకా ముందున్న మా వదిన ఒక్క కవరుతో ఐదో స్థానానికి పడిపోయింది, చిన్న అంకె పెట్టిన ఇద్దరు పైకొచ్చారు. అందరికీ తెలిసిపోయిన దాంట్లో మాత్రం ఈ పద్ధతి కూడా ఏమీ చేయలేదండీ. 2023లో ‘నాటు నాటు’కి మేమందరం పైఅంకె పెట్టాం, అందరికీ మార్కులొచ్చాయి, ఎవరూ ఒక్కడుగు ముందుకి పోలేదు. ఆనందానికైతే లోటు లేదు!
ఒకే అంకె రెండుసార్లు రాసేవాళ్లు ప్రతిసారీ ఉంటారు, గడి ఎర్రగా మారేలా షీట్‌లోనే పెట్టుకోండి.

కవరుతెరవండి:
ఇద్దరికి కలిపి ఇస్తే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోండి. 2013లో సౌండ్ ఎడిటింగ్ అవార్డు రెండు సినిమాలకి వచ్చింది. మా దగ్గర రూల్ లేదు, సగం మార్కులిస్తానంటే ఒకాయన ఒప్పుకోలేదు, రెండు వారాలు మాటల్లేవు. ఇప్పుడు ఇద్దరిలో ఎవరిని రాసినా పూర్తి మార్కులే. ఇంకోటి, ఫలితాలు వేడుక మొత్తం అయ్యాకే ఎక్కించండి. 2017లో ‘లా లా ల్యాండ్’ అని చదివిన వెంటనే నేను నింపేశాను, కాసేపటికి ‘మూన్‌లైట్’ అన్నారు. అప్పటికే అభినందనలు అందుకున్న అబ్బాయి మొహం నాకింకా గుర్తుంది.

చీకటిహాలు:
అసలు చిక్కు గడువులోనే ఉంది. చివరిదాకా ఆగితే గిల్డ్‌లని చూసి రాయడమే. అందుకే మేం రెండు విడతలు పెట్టాం: నామినేషన్లు వచ్చిన వారం లోపల ఒకటి, వేడుకకి ముందు రోజు ఇంకోటి. మొదటి విడతలో రాసి మార్చకుండా ఉంచిన వాటికి ఒకటిన్నర రెట్లు. గిల్డ్‌లు ప్రతిసారీ నిజం చెప్తాయనీ లేదు. 2019లో గ్లెన్ క్లోజ్‌కి గోల్డెన్ గ్లోబూ వచ్చింది, నటుల గిల్డ్ అవార్డూ వచ్చింది, ఆస్కార్ ఒలీవియా కోల్మన్ తీసుకెళ్లింది. 2020లో దర్శకుల గిల్డ్ శామ్ మెండెస్ అంది, ఆస్కార్ బాంగ్ జూన్-హోకి.
ఉత్తమ చిత్రానికి మాత్రం నిర్మాతల గిల్డ్‌ని చూడండి, అక్కడా ఆస్కార్‌లోనూ ఆ అవార్డుకి ర్యాంకులేసి ఓటేస్తారు. కొందరికి పిచ్చిగా నచ్చిన సినిమా కంటే ఎక్కువమంది రెండో, మూడో స్థానంలో రాసుకునే సినిమాకి అక్కడ బలం ఎక్కువ. 2022లో ‘కోడా’కి ఉన్నవే మూడు నామినేషన్లు, దర్శకురాలికి నామినేషన్ కూడా లేదు, అయినా మూడూ గెలిచింది.

టిక్కెట్టుముక్క:
షార్ట్ ఫిల్మ్స్ తీసేయండి, గొడవ వదిలిపోతుంది.

రెండోరీలు:
దయచేసి తీసేయకండి. మా అమ్మ 2023లో డాక్యుమెంటరీ షార్ట్స్ దొరికినవన్నీ వెతికి చూసి, ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ అని పెన్సిల్‌తో రాసి పక్కన 19 వేసింది. మా గుంపులో అది రాసింది తనొక్కతే. చూసి రాసేవాళ్లకి దక్కేది ఆ విభాగాల్లోనే కదా.

షీటుమాస్టర్:
రెండోరీలు గారూ, మీ అమ్మగారి సంగతి మా చెల్లెలికి చదివి వినిపించాను. వెంటనే తనే ఒక రూల్ చెప్పింది: ఒక విభాగంలో నామినేట్ అయినవన్నీ చూసి టిక్కు పెడితేనే అక్కడ 12 దాటి వేసే హక్కు. 2026 వేడుక నుంచి ఆస్కార్లు ఇచ్చే అకాడమీ కూడా తన ఓటర్లకి ఇలాంటి రూలే పెట్టింది, ఆ విభాగంలో సినిమాలన్నీ చూస్తేనే చివరి ఓటు. కాబట్టి ఈసారి నమ్మకం మార్కులు, రెండు విడతలు, ఈ టిక్కు. షార్ట్స్ ఉంటాయి.

కవరుతెరవండి:
చూశామని అబద్ధం చెప్తే?

షీటుమాస్టర్:
మావాళ్లు చెప్పరండీ. చెప్పినా మా చెల్లెలు క్లైమాక్స్ అడుగుతుంది.

చీకటిహాలు:
2028లో స్టంట్స్ విభాగం కూడా వస్తోంది. మిగతావి మారకపోతే 25 గళ్లు, 325 మార్కులు. షీట్‌లో ఓ వరస ఖాళీగా ఉంచుకోండి.