హెచ్‌ఎంవీ ప్లేట్ల కాలం తేల్చడానికి కంపెనీ చరిత్రలో ఏ తేదీలు పనికొస్తాయి?

పద్యాలపెట్టె:
పాత నాటక పద్యాలు, సినిమా పాటల 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) ప్లేట్లకు జాబితా రాస్తున్నాను. హెచ్‌ఎంవీ, కొలంబియా, ట్విన్ లేబుళ్లు. ఒక్కదాని మీదా సంవత్సరం లేదు. 1902, 1946, 2000 ముఖ్యమైన ఏళ్లని చదివాను. వీటిని లేబుల్‌తో సరిచూస్తే ప్లేటు వయసు తెలుస్తుందా?

సూదిమొన:
తెలుస్తుంది, కానీ కచ్చితమైన ఏడాది కాదు, ‘ఇంతకుముందుది కాదు’ అన్న హద్దు మాత్రమే. ఆ మూడింటిలో 2000కి మీ ప్లేట్లతో పనే లేదు. అది హెచ్‌ఎంవీ లేబుల్ నడిపిన గ్రామఫోన్ కంపెనీ సారెగామాగా పేరు మార్చుకున్న ఏడాది.

1902 నవంబరులో ఆ కంపెనీ రికార్డింగు నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. ఆ ప్లేట్లు అచ్చయింది మాత్రం జర్మనీలోని హానోవర్‌లో. లేబుల్ మీద హానోవర్ ఉండి, ఒకవైపే పాట ఉంటే అది తొలినాటి సరుకు. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టాక ఇక్కడే అచ్చు మొదలైంది. 1928లో కలకత్తా దగ్గరి డండంలో ఫ్యాక్టరీ వచ్చింది. మీ దగ్గరున్నవాటిలో ఎక్కువ డండంవే అయ్యుంటాయి.

కంపెనీ పేరులో ‘ఇండియా’ అన్న మాట ఉంటే 1946 తర్వాతది. ఆ ఏడాది ఆగస్టులోనే ఇక్కడ విడిగా కంపెనీ రిజిస్టర్ అయింది.

నల్లలక్క:
1931ని కూడా కలుపుకోండి. అంతవరకు పోటీలో ఉన్న గ్రామఫోన్, కొలంబియా కంపెనీలు ఆ ఏడాది ఈఎంఐగా కలిశాయి. కాబట్టి కొలంబియా లేబుల్ మీద డండం కనిపిస్తే అది 1931కి ముందుది కాదు. ట్విన్ మొదటినుంచీ గ్రామఫోన్ కంపెనీ తక్కువ ధరకు అమ్మిన లేబులే.

అసలు చూడాల్సింది లేబుల్ చుట్టూ ఉన్న నున్నటి భాగం. టార్చి పక్కనుంచి వాలుగా వేస్తే మ్యాట్రిక్స్ నంబరు, అంటే ఆ రికార్డింగుకు ఇచ్చిన గుర్తు నంబరు, కనిపిస్తుంది. దాని పక్కన చిన్న త్రిభుజం ఉంటే వెస్ట్రన్ ఎలక్ట్రిక్ పద్ధతిలో మైకుతో రికార్డు చేసింది, అంటే 1925కి ముందుది కాదు. చతురస్రం ఉంటే ఇంజనీరు బ్లమ్‌లైన్ రూపొందించిన ఈఎంఐ సొంత పద్ధతి, 1931 ప్రాంతం నుంచి. మ్యాట్రిక్స్ రికార్డింగు కాలాన్ని చెబుతుంది, లేబుల్ అచ్చు కాలాన్ని చెబుతుంది. బాగా అమ్మిన ప్లేటును అదే మ్యాట్రిక్స్‌తో ఏళ్ల తర్వాత కొత్త లేబుల్ అంటించి మళ్లీ అచ్చేసేవారు. జాబితాలో రెండు గడులు పెట్టుకోకపోతే ఇక్కడే తప్పు దొర్లుతుంది. కవరును అసలు నమ్మకండి. చేతులు మారేటప్పుడు ఏ ప్లేటు ఏ కవరులోకైనా వెళ్తుంది.

తుడిచి చదవాలనుకుంటే స్పిరిట్ మాత్రం వాడొద్దు. 78లు లక్కతో చేసినవి, ఆల్కహాల్ తగిలితే గాడి కరిగిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలిపి, మెత్తటి గుడ్డతో గాడి వెంట తుడవండి. లేబుల్ తడవకూడదు.

పద్యాలపెట్టె:
రెండు గడులూ పెట్టాను, థాంక్స్. 78 అంటే 1960కి ముందుదేనని అనుకోవచ్చా? ఒకదాని మీద దేవదూత బొమ్మ కూడా ఉంది.

సూదిమొన:
అనుకోకూడదు. విదేశాల్లో ఆపేశాక కూడా డండంలో 78లు అచ్చవుతూనే ఉన్నాయి. 1963 తర్వాత వచ్చిన బీటిల్స్ పాటలూ ఇక్కడ 78లుగా వెలువడ్డాయి. సినిమా పాటైతే సినిమా విడుదలైన ఏడాదిని ఆధారం చేసుకోండి. చిక్కంతా ‘పుష్పవిలాపం’ లాంటి, సినిమాకు సంబంధం లేని ప్రైవేటు ప్లేట్లతోనే. వాటికి మ్యాట్రిక్స్ తప్ప దారి లేదు.

దేవదూత బొమ్మ లక్క ప్లేటు మీద ఉంటే, కుక్క బొమ్మ లేబుళ్లు రాకముందుది కాబట్టి జాగ్రత్తగా దాచండి. వినైల్ ఎల్‌పీ మీదైతే సంబరపడకండి. 1950లలో ఈఎంఐ అదే ఏంజెల్‌ను మళ్లీ వాడుకలోకి తెచ్చింది.

గాడితప్పిన:
ఎల్‌పీల సంగతి వచ్చింది కాబట్టి: నంబరు ముందు ఈఏఎల్‌పీ ఉంటే మోనో, ఈఏఎస్‌డీ ఉంటే స్టీరియో. కవరు మీద ఆర్‌పీజీ అని ఉంటే కంపెనీ ఆర్‌పీజీ గ్రూపు గోయెంకాల చేతికి వెళ్లాక, అంటే 1980ల మధ్య తర్వాత అచ్చయింది. ఘంటసాల భగవద్గీత ఆయన పోయాకే బయటికొచ్చింది. కాబట్టి 1974 ఫిబ్రవరి 11కి ముందు తేదీ చెప్పి ఎవరైనా ఎక్కువ ధర అడిగితే కొనకండి.