ఇంటి షెడ్డులో బొగ్గు కొలిమి: 8 అంగుళాల గొట్టం సరిపోతుందా?

కొత్తకొలిమి
ఇంటి వెనక షెడ్డు ఎట్టకేలకు ఖాళీ చేశాను. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, రేకుల కప్పు, కింద కాంక్రీటు. ఒక గోడ వంటగదిది. ఇన్నాళ్లూ గ్యాస్ కొలిమి మీద కొక్కేలు, చిన్న కత్తులు చేశాను. పెద్ద వంపులున్న పని దాని నోట్లో పట్టడం లేదు, అందుకే బొగ్గుకి వస్తున్నా.
అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. నిప్పుకుండగా లారీ బ్రేక్ డ్రమ్ము చాలా, కొలిమి కోసమే చేసిన కుండ తెచ్చుకోవాలా? చేత్తో తిప్పే బ్లోయర్ మంచిదా, కరెంటుదా? ఏ బొగ్గు? కాంక్రీటు మీద ఏమైనా పరవాలా? ఇక పొగ గొట్టం, 8 అంగుళాలది నా దగ్గరే ఉంది. రెండు వంపులతో గోడలోంచి బయటికి తీద్దామనుకుంటున్నా. సరిపోతుంది కదా?

సమ్మెటపోటు
బ్రేక్ డ్రమ్ము పెట్టేయ్ తమ్ముడూ, ఆలోచించకు. నా గేటు మొత్తం, చుట్టలూ ఆకులూ అన్నీ, డ్రమ్ము కొలిమి మీదే చేశా. చూసినవాళ్లు ఫ్యాక్టరీలో చేయించావా అన్నారు. ఒక్కటే కిటుకు. డ్రమ్ము లోతెక్కువ, అడుగు చదును. అలాగే వదిలేస్తే బొగ్గు మూలల్లో ఊరికే తగలబడుతుంది, నిప్పు మధ్యకి చేరదు. మట్టి, ఇసుక కలిపి గిన్నెలా వాలు కట్టు. 4 అంగుళాల లోతు మిగిలితే బోలెడు. అంచున ఎదురెదురుగా రెండు గాట్లు కోసుకో, పొడుగు కడ్డీ అడ్డంగా పడుకోబెట్టడానికి. ఆ మట్టి బాగా ఆరాకే నిప్పు వెయ్యి, తడి ఉంటే ఆవిరికి పెళ్లలు ఎగురుతాయి.

బూడిదబాబాయ్
8 అంగుళాల గొట్టమా! రెండు వంపులతోనా! షెడ్డులో కూర్చుని దగ్గడానికి కొలిమి ఎందుకయ్యా, ఊరికే చెత్త తగలబెట్టుకో.
బొగ్గు కొలిమికి 12 అంగుళాలు. 10 కంటే తగ్గితే నన్నడగొద్దు. వంపులు వద్దు, నిట్టనిలువుగా కప్పులోంచి పైకి తియ్యి. కప్పు కొన కంటే కనీసం 2, 3 అడుగులు ఎత్తు ఉండాలి, లేకపోతే గాలి కప్పు మీద నుంచి దిగి పొగని వెనక్కి నెడుతుంది.

ధూమకేతు
బాబాయ్ గారు ప్రతి చర్చలో ఇదే 12 అంగుళాల పాట పాడతారు. నేను బాయిలర్ల పనిలో ఉన్నవాణ్ణి, పొగ గొట్టాల లెక్క మీరు నాకు చెప్పక్కర్లేదు. డ్రాఫ్ట్, అంటే గొట్టం పొగని పైకి లాగడం, ఎత్తు వల్ల, లోపలి వేడికీ బయటి చల్లదనానికీ ఉన్న తేడా వల్ల వస్తుంది. వెడల్పు ఒక్కటే పెంచితే గొట్టం వేడెక్కక పొగ నెమ్మదిస్తుంది. 8 అంగుళాలది పెట్టి, ఎత్తు పెంచి, పైన చిన్న ఫ్యాను పెడితే చాలు.

బూడిదబాబాయ్
బాయిలర్ మూసిన పెట్టె సార్. అందులో పొగ మాత్రమే గొట్టంలోకి పోతుంది. కొలిమి తెరిచిన నిప్పు, పొగతో పాటు గదిలో గాలి అంతా గొట్టంలోకి పోతుంది. అంత గాలి ఎక్కడ పడుతుంది 8 అంగుళాల్లో? లెక్క కావాలా? 8 అంగుళాల గొట్టం లోపలి వైశాల్యం 50 చదరపు అంగుళాలు. 12 అంగుళాలది 113. రెట్టింపు కంటే ఎక్కువ. ఒక్కో వంపు అందులోనూ కోత పెడుతుంది. ఫ్యాను పైన పెడితే తారు, మసి రెక్కలకి పట్టి, వేడికి మోటారు మాడి, ఒకరోజు మధ్యలో ఆగుతుంది. అప్పుడు ఆ గొట్టంలో ఫ్యాను మీ పొగకే అడ్డం.

నిప్పుకణిక
గొట్టం గొడవలో బొగ్గు సంగతి అందరూ మర్చిపోయారు. మొదటి కొలిమిలు చాలామట్టుకు బొగ్గు దగ్గరే చెడతాయి. రాక్షసి బొగ్గు అంటే అన్నీ ఒకటి కావు. కొలిమికి కావల్సింది మెత్తని బిటుమినస్ బొగ్గు, గంధకం తక్కువ, బూడిద తక్కువ. అంచున వేసింది వేడికి ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుని, పొగ వదిలి కోక్ అవుతుంది. ఆ కోక్‌ని మెల్లగా మధ్యలోకి తోసుకోవాలి. పచ్చి బొగ్గుని నేరుగా నిప్పు నడిమధ్యన పోసేవాళ్లే పసుపు పొగ అని ఏడుస్తారు.
ఆంత్రసైట్ అనే గట్టి బొగ్గు తెచ్చుకుంటే అంటుకోవడానికే ప్రాణం తీస్తుంది, గాలి ఆపితే ఆరిపోతుంది. కొన్న కోక్ కూడా అంతే, గాలి వదులుతూనే ఉండాలి. కట్టె బొగ్గు ఇట్టే అంటుకుంటుంది కానీ చిటపట నిప్పురవ్వలు, బస్తాలు బస్తాలు మింగేస్తుంది.
ఈరోజు మిగిలిన కోక్ ఏరి దాచుకో. రేపు దాంతో నిప్పు రాజేస్తే మొదట్లో వచ్చే పొగలో సగం ఉండదు.

చిట్టెంచిన్నా
నిప్పుకణిక గారు, చిట్టెం గురించి కూడా చెప్పండి అక్కా. నా నిప్పు గంటకోసారి చచ్చిపోతోంది. ఎంత గాలి కొట్టినా మధ్యలో నల్లమచ్చ, ఇనుము ఎర్రబడదు, పొలుసు మాత్రం దండిగా కడుతుంది.

నిప్పుకణిక
ఆ నల్లమచ్చే చిట్టెం. బొగ్గులోని మట్టి, ఇసుక కరిగి గాలి రంధ్రం మీద గట్టిపడుతుంది. వేడి మీద కెలికితే ముక్కలై నిప్పంతా పాడుచేస్తుంది. గాలి ఆపి కాసేపు ఊరుకో, అది గడ్డకడుతుంది. అప్పుడు కొక్కెం వేసి లాగితే గుండ్రంగా ఒకే బిళ్లలా లేచొస్తుంది. పొలుసుకి కారణం వేరే. ఇనుముని గాలి రంధ్రానికి మరీ దగ్గరగా పెడుతున్నావు. అక్కడ ఇంకా కాలని గాలి ఉంటుంది, ఇనుముని తినేస్తుంది. కింద 3, 4 అంగుళాల మండే కోక్ ఉండాలి, ఇనుము దాని పైన అడ్డంగా, మీద ఇంకాస్త కోక్. ఇనుము కొనని కిందికి గుచ్చొద్దు.

ధూమకేతు
బాబాయ్ గారికి జవాబు. నేను చెప్పింది ఎత్తు పెంచమని. వైశాల్యం లెక్క ఆరో తరగతి పిల్లలు కూడా వేస్తారు. పక్క హుడ్ (నిప్పు పక్కనుంచి పొగ లాగే గూడు) పెడితే 8 అంగుళాలు పనిచేస్తాయి, పనిచేస్తుండగా చూశాను.

బూడిదబాబాయ్
మీ మొదటి పోస్టులో పక్క హుడ్ మాట ఎక్కడుంది? ఫ్యాను అన్నారు. ఇప్పుడు మాట మారింది. కమ్మరి వీధిలో సూదులమ్మడం ఆపి ఒకసారి కొలిమి రాజేసి చూడండి సార్.

ధూమకేతు
మర్యాదగా మాట్లాడండి. మీరు తప్ప ఇనుము కాల్చినవాడు లేడన్నట్టు రాస్తారు.

నిర్వాహకుడు
ఇద్దరికీ ఇదే చివరిసారి. గొట్టం గురించి రాయండి, ఒకరి గురించి ఒకరు కాదు.

సమ్మెటపోటు
నిజానికి పక్క హుడ్ విషయంలో ధూమకేతు గారితో నేనూ ఏకీభవిస్తా. నిప్పు నెత్తిన పెద్ద గొడుగులా వేలాడే హుడ్ గదిలో చల్లగాలి కూడా తాగుతుంది, పొగ చల్లారి బద్ధకిస్తుంది. పక్క హుడ్ నోరు చిన్నది, నిప్పుని ఆనుకుని ఉంటుంది. వేడి పొగ పైకి లేచేలోపే పక్కకి లాగేస్తుంది. నెత్తి మీద అడ్డం ఉండదు కాబట్టి పొడుగు పని తిప్పుకోవచ్చు కూడా. అయితే నా గొట్టం 10 అంగుళాలు. 8తో నేను చేయలేదు, చేయమని చెప్పను.
చల్లగా ఉన్న గొట్టం లాగనంటుంది. పేపరు ఉండ వెలిగించి హుడ్ నోట్లో పెట్టు, గొట్టం వేడెక్కి లాగడం మొదలయ్యాక బొగ్గు అంటించు.

కొత్తకొలిమి
అందరికీ థాంక్స్. బ్లోయర్ సంగతి ఎవరైనా చెప్తారా? పాత పెద్ద ఫ్యాను మోటారు ఒకటి దొరికింది. లైట్ల డిమ్మర్‌తో స్పీడు తగ్గించుకోవచ్చా? ఇంకొకటి, గొట్టం కోసం జింకు పూత రేకు వాడొచ్చా?

దాగలి_దాసు
జింకు పూత వద్దు! జింకు 419 డిగ్రీల సెల్సియస్‌కే కరిగి, 907కి మరుగుతుంది. కొలిమి నిప్పు దాన్ని ఎప్పుడో దాటేస్తుంది. ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం, ఒళ్లునొప్పులు. పాలు తాగితే పోతుందని వెల్డర్లు చెప్పుకునేది నమ్మకం మాత్రమే. హుడ్, దాని పైన మొదటి భాగం నల్ల ఇనుముతో చేయించు.

ధూమకేతు
హుడ్‌కి వద్దు, ఒప్పుకుంటా. పైన కప్పు దాటాక పొగ అంత వేడిగా ఉండదు, అక్కడ జింకు రేకు పెట్టినవాళ్లు బోలెడుమంది. ప్రతిదానికీ భయపెట్టడం ఇక్కడ అలవాటైపోయింది.

దాగలి_దాసు
నేను ‘మొదటి భాగం’ అనే రాశాను. చదివి గొడవ పెట్టుకోండి సార్.

తిత్తివాడు
బ్లోయర్ గురించి నేను చెప్తా. డిమ్మర్ పెట్టకు, అన్ని మోటార్లకీ అది పడదు, వేడెక్కి కాలిపోతాయి. మోటారుని దాని స్పీడులో తిరగనిచ్చి, గాలి గొట్టంలో జరిపే గేటు పెట్టుకుని తగ్గించుకో. నన్నడిగితే చేత్తో తిప్పేదే రాజు. చెయ్యి ఆగితే నిప్పు నిద్రపోతుంది, బొగ్గు ఆదా. కరెంటు బ్లోయర్ నువ్వు సుత్తి కొడుతున్నంతసేపూ మింగుతూనే ఉంటుంది, కొలిమిలో మర్చిపోయిన ముక్క మతాబులా రవ్వలు చిమ్మేదాకా తెలియదు.
అసలు జాగ్రత్త ఇంకొకటి ఉంది, ఇక్కడ ఎవరూ రాయలేదు. పచ్చి బొగ్గు గుట్టగా ఉన్నప్పుడు గాలి పూర్తిగా ఆపితే, దాన్నుంచి వచ్చే గ్యాస్ వెనక్కి గాలి గొట్టంలోకి దిగుతుంది. మళ్లీ బ్లోయర్ తిప్పగానే ఠప్పున పేలుతుంది. మా మిత్రుడి షెడ్డులో గాలి గొట్టం కింద బూడిద రాల్చే మూత ఊడి గోడకి కొట్టింది. కాలికి తగలకపోవడం వాడి అదృష్టం. గాలి ఆపినప్పుడు బూడిద మూత కాస్త తెరిచి ఉంచు, లేదా గాలి సన్నగా పోనివ్వు. ఆ మూతని గట్టిగా బిగించేయకు, పేలినా తెరుచుకునేలా వదులుగా ఉండాలి.

చిట్టెంచిన్నా
అబ్బా, ఆ ఠప్ నాకూ అయింది! దెయ్యం అనుకున్నా.

బూడిదబాబాయ్
ఇంతమంది ఇన్ని రాశారు, ఒక్కరూ మొదటి పోస్టు సరిగ్గా చదవలేదు. వంటగది గోడ! కొత్తకొలిమీ, వంటగదిలో పొగ లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను ఉందా? షెడ్డులోంచి వంటగదిలోకి తలుపో కిటికీయో ఉందా?

కొత్తకొలిమి
ఉంది బాబాయ్ గారు. ఫ్యానూ ఉంది, తలుపూ ఉంది.

బూడిదబాబాయ్
అయితే గొట్టం 8 అయినా 12 అయినా నీకు ముందు ఇదే సమస్య. ఫ్యాను తిరిగితే ఇంట్లో గాలి తగ్గుతుంది. ఆ లోటు తలుపు సందుల్లోంచి షెడ్డు నుంచి లాగుతుంది. షెడ్డు మూసి ఉంటే గాలి నీ పొగ గొట్టంలోంచే కిందికి దిగుతుంది. పొగ కనిపిస్తే మనిషి బయటికి పరిగెడతాడు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిప్పు పొగ లేకుండా శుభ్రంగా మండుతున్నప్పుడు కూడా వస్తుంది. రాత్రి వదిలేసిన నిప్పు బూడిద కింద కాలుతున్నప్పుడూ వస్తుంది.
ఆ తలుపు సందులు మూసెయ్యి. కొలిమి వెలుగుతున్నంతసేపూ షెడ్డులో బయటి గాలి వచ్చే కిటికీ తెరిచే ఉంచు. షెడ్డులో ఒకటి, ఇంట్లో ఒకటి కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టు. కొలిమి నెత్తిమీద కాదు, నువ్వు నిలబడేచోట. పని అయ్యాక నిప్పు విడగొట్టి పూర్తిగా చల్లార్చు. కుండలో నీళ్లు కుమ్మరించకు, బ్రేక్ డ్రమ్ము కూడా పోత ఇనుమే, పగులుతుంది.

ధూమకేతు
దీనికి మాత్రం నా ఓటు బాబాయ్ గారికే. నేను కూడా ఆ గోడ గమనించలేదు.

నిప్పుకణిక
బాబాయ్, ధూమకేతు ఒకే మాట మీదికొచ్చారు! ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి.

దాగలి_దాసు
కొలిమికీ దాగలికీ (ఇనుము పెట్టి కొట్టే దిమ్మె) మధ్య దూరం ఎంత పెడుతున్నావో చెప్పలేదు. ఒక్క మలుపులో అందాలి, నడిస్తే ఇనుము చల్లారుతుంది. దాగలి ఎత్తు నిలబడి చెయ్యి కిందికి వదిలి పిడికిలి బిగిస్తే కణుపులు ఆనేంత. కొలిమిని కిటికీ ఎండలో పెట్టొద్దు, రంగు కనిపించదు. ఎండలో చెర్రీ ఎరుపు అనుకున్నది నీడలో నారింజ. రంగు మీద నమ్మకం కుదిరేదాకా అయస్కాంతం దగ్గర పెట్టుకో. 770 డిగ్రీలు దాటితే ఉక్కు దానికి అంటుకోదు. కత్తిని ముంచి గట్టిపరిచేముందు ఆ వేడి దాటి ఇంకాస్త పైకి తీసుకెళ్లాలి.

సమ్మెటపోటు
కణుపుల ఎత్తు సుత్తి ఒక్కడే కొడితేనే. ఇంకొకడు సమ్మెట వేస్తుంటే దాగలి ఇంకా కిందికి ఉండాలి. కత్తులు చేసేవాళ్లు కొందరు పైకే పెట్టుకుంటారు, నడుం వంచక్కర్లేకుండా.

దాగలి_దాసు
కత్తుల వాళ్ల మాట వేరు. వాళ్లకి ప్రతిదీ వేరు.

కొత్తకొలిమి
తలుపు సందులు నిన్న రాత్రే మూసేశాను. వంటగదిలో అలారం పెట్టాను, షెడ్డుకి ఇంకొకటి వస్తోంది. 8 అంగుళాల గొట్టం పక్కన పెట్టి 10 అంగుళాలది, వంపులు లేకుండా కప్పులోంచే తీస్తున్నా. రేకుల కింద చెక్క దూలాలు ఉన్నాయి, వాటికి ఎంత దూరంలో ఉండాలి?

ధూమకేతు
ఒంటిపొర గొట్టమైతే చెక్కకి 18 అంగుళాలు. అంత ఖాళీ లేకపోతే కప్పు దాటేచోట లోపల ఇన్సులేషన్ ఉన్న రెండుపొరల గొట్టం వాడు. దాని మీద ఎంత దూరం రాసుంటుందో అంతే పాటించు. ఇందులో బాబాయ్ గారు కూడా వాదించలేరు.

బూడిదబాబాయ్
వాదించను. గొట్టం 12 అయితే ఇంకా బాగుండేది.

తిత్తివాడు
కాంక్రీటు గురించి అడిగావు, ఎవరూ చెప్పలేదు. ఎర్రని ముక్క నేల మీద పడేస్తే కాంక్రీటులో చెమ్మ ఆవిరై పెచ్చు ఎగురుతుంది, కళ్లకి ప్రమాదం. దాగలి చుట్టూ, కొలిమి ముందు మట్టో ఇసుకో పరిచి పెట్టుకో. కాళ్ల నొప్పీ తగ్గుతుంది.